డాలస్‌లో ఉండి మల్కాజిగిరిలో ఓటు వేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మల్కాజిగిరిలో పుట్టి పెరిగారు. ఆరేళ్లుగా డాలస్‌లో హెచ్‌-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నారు. పాత ఓటరు కార్డు ఇక్కడి ఇంట్లో బీరువాలో ఉంది, జాబితాలో పేరు ఉందో పోయిందో తెలియదు. అక్కడి నుంచే ఆన్‌లైన్‌లోనో, కాన్సులేట్‌లోనో ఓటు వేసే వీలుందా, లేక విమానమెక్కి రావాల్సిందేనా, వస్తే ఆ పాత కార్డు చూపిస్తే సరిపోతుందా అని అడిగారు. మీ బావగారు సరిపోతుందన్నారట.

సూటిగా చెబుతాను. రావాల్సిందే. ప్రవాసంలో ఉన్న సామాన్య భారత పౌరుడికి ఈ రోజుకు ఆన్‌లైన్ ఓటు లేదు, పోస్టల్ బ్యాలెట్ లేదు, కాన్సులేట్‌లో పోలింగ్ లేదు, మీ బదులు మీ నాన్నగారు వేయడానికీ లేదు. ఫారం 6ఎ నింపి ప్రవాస ఓటరుగా పేరు నమోదు చేయించుకోవాలి. పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని మీ బూత్‌కు మీరే వెళ్లాలి. బావగారి సలహా మీద నడిస్తే ఓటు పడనూవచ్చు, చిక్కూ రావచ్చు. ఆ సంగతి కింద రాస్తాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి 2024లో రిటైరయ్యాను. మాస్టార్లకు పాఠాల కన్నా ఎన్నికల డ్యూటీలే ఎక్కువని మీకు తెలిసే ఉంటుంది. కొన్నేళ్లు బీఎల్‌వోగా, అంటే ఓటరు జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారిగా, ఇంటింటికీ తిరిగాను, తరువాత సూపర్‌వైజరుగా చేశాను, పోలింగ్ రోజుల్లో ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్నాను. చట్టంలో ఉన్నదీ, బూత్‌లో జరిగేదీ రెండూ చూసినవాడిగా రాస్తున్నాను.

ముందు మీ పాత కార్డు సంగతి. ఓటరు జాబితాలో పేరు ఉండాలంటే ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలన్నది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. ఇల్లు సొంతమైనంత మాత్రాన నివాసి అయిపోరని కూడా అందులోనే ఉంది. కొద్దికాలం ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదనీ ఉంది. అంటే కంపెనీ పని మీద మూడు నెలలు విదేశానికి వెళ్లి వచ్చే కుర్రవాడు దేనికీ కంగారు పడనక్కర లేదు, అతడి పేరు మామూలు జాబితాలోనే ఉంటుంది. ఆరేళ్లుగా అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, అక్కడ పన్ను కడుతూ, పిల్లల్ని అక్కడి బడిలో వేసిన మీరు మాత్రం ఆ లెక్కలోకి రారు. ఎన్ని నెలలు దాటితే నివాసం పోయినట్టో చట్టంలో అంకె లేదు. నమోదు అధికారి విచారించి తేల్చాలి. మీ విషయంలో తేల్చడానికి అయిదు నిమిషాలు చాలు.

ఆ విచారణ ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. ఇది నా చేత్తో నేను చేసిన పని.

బీఎల్‌వోగా ఉన్న రోజుల్లో ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన పెద్దావిడ ఫ్యాను వేసి, కూర్చోమని మజ్జిగ ఇచ్చారు. “మీ ఇంట్లో నాలుగు ఓట్లున్నాయమ్మా” అని పేర్లు చదివాను. మూడో పేరు దగ్గర ఆవిడ ముఖం వెలిగిపోయింది. “పెద్దవాడు న్యూజెర్సీలో ఉన్నాడు మాస్టారూ, ఎనిమిదేళ్లయింది, మొన్ననే సొంతిల్లు కొన్నాడు” అని టీవీ పక్కన ఫ్రేము కట్టించిన ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టారు. చెక్క ఇల్లు, ముందు పచ్చిక, పచ్చికలో పట్టుచీర కట్టుకున్న కోడలు. బాగుందమ్మా అన్నాను. ఒక చేతిలో ఫోటో ఉండగానే రెండో చేత్తో ఆ పేరు ఎదురుగా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాను. ఆవిడకు అది కొడుకు ఘనత, నా కాగితంలో ‘ఇక్కడ నివాసం లేదు’.

తరువాత ఆ ఇంటికి నోటీసు వెళ్లింది. విప్పి చూసినట్టు లేరు. గడువు దాటాక పేరు తీసేశారు. ఆ అబ్బాయి 2018 డిసెంబరు 7న అసెంబ్లీ ఎన్నికలకు సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. పోలింగ్ కేంద్రం ముందు పాత కార్డు ఊపుతూ, పేరు ఎలా తీస్తారని అరుస్తుంటే, నేను పక్క గదిలో డ్యూటీలో ఉండి విన్నాను. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదు. జాబితాలో పేరుంటేనే ఓటు. కార్డు మీరెవరో చెప్పే కాగితం, అంతవరకే. ఆ సంవత్సరం పేర్లు గల్లంతయ్యాయని నగరమంతా గోల జరిగింది. అందులో అన్యాయంగా పోయినవీ ఉన్నాయి, నా పెన్సిల్ గీత లాంటివీ ఉన్నాయి.

2025లో బీహార్‌లో జరిగిన ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ చూశారు కదా, ముసాయిదా జాబితా వచ్చేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారు, రెండు చోట్ల ఉన్నవారు పోగా, ఊరు విడిచి వెళ్లినవారు అందులో పెద్ద వాటా. ఆ పద్ధతి తరువాత మరికొన్ని రాష్ట్రాలకూ వెళ్లింది. పాత పేరు మీద ధీమాగా కూర్చునే రోజులు కావివి.

పాత పేరు ఇంకా ఉండిపోయినా అదేదో అదృష్టమని అనుకోకండి. అధికారి అడిగినప్పుడు ఇక్కడే ఉంటున్నానని తెలిసి తెలిసి తప్పుడు ధ్రువీకరణ ఇస్తే ఏడాది వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ వేయవచ్చని అదే చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. నాకు తెలిసి దానికింద ఎన్నారై ఎవరినీ జైలుకు పంపలేదు. కానీ హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఒక చిన్న కేసు ఉందంటేనే వీసా స్టాంపింగ్ దగ్గర ఎంత హడలిపోతారో నాకన్నా మీకే బాగా తెలుసు. ఇంకొకటి కూడా ఉంది. మీరు రాని ఎన్నికల్లో ఆ పేరు ఖాళీగా ఉంటుందని మీరు అనుకుంటారు. అందరూ అలా ఊరుకోరు. మీరెప్పుడో వచ్చేసరికి మీ పేరు మీద టిక్కు పడి ఉంటే, అప్పుడు టెండర్ ఓటు అడిగి కాగితం బ్యాలెట్ మీద వేసి కవరులో పెట్టించుకోవడం తప్ప చేసేది లేదు.

ఇప్పుడు సరైన దారి. 2010లో చట్టాన్ని సవరించి 20ఎ సెక్షన్ చేర్చారు, 2011 ఫిబ్రవరి 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, మరే కారణం మీదైనా విదేశంలో ఉంటూ వేరే దేశ పౌరసత్వం తీసుకోని భారత పౌరులు, పాస్‌పోర్టులో ఉన్న ఇక్కడి చిరునామా ఏ నియోజకవర్గంలోకి వస్తే అక్కడ ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. గ్రీన్‌కార్డు వచ్చినా ఇబ్బంది లేదు, అది నివాస హక్కే గానీ పౌరసత్వం కాదు. గ్రీన్‌కార్డు రాగానే ఓటు పోయిందనుకుని జాబితాలోంచి స్వయంగా పేరు తీయించుకున్న ఒక పెద్దమనిషిని నేనెరుగుదును. పాపం, మళ్లీ మొదటి నుంచి నడిచాడు.

పౌరసత్వం తీసుకుంటే మాత్రం అంతటితో సరి. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో వీసా లేకుండా జీవితాంతం రావచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు, ఓటు మాత్రం లేదు. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో పౌరసత్వం తీసుకుంది. ఇక్కడున్నన్నాళ్లు పోలింగ్ రోజున పదింటి దాకా నిద్ర లేచేది కాదు. అక్కడ ఓటు వేయకపోతే 20 డాలర్ల జరిమానా అని, ఇప్పుడు పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడి మాకు ఫోటో పంపిస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాస్‌పోర్టు చిరునామా దగ్గర హైదరాబాదు వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మీకు వర్తించకపోవచ్చు, కానీ ఇది చదివే చాలామందికి వర్తిస్తుంది. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో పదిహేనేళ్లు ఉండి విదేశం వెళ్లిన పిల్లల పాస్‌పోర్టుల్లో గుంటూరు, భీమవరం, ఒంగోలు చిరునామాలుంటాయి. తాతగారి ఇంటి చిరునామా మీద పాస్‌పోర్టు తీసుకోవడం అప్పట్లో సులువు. 2014 జూన్ 2కు ముందు అది ఒకే రాష్ట్రం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ అబ్బాయి ఫారం 6ఎ పెడితే అతడి ఓటు భీమవరంలోనే. నా మనసంతా హైదరాబాదులోనే ఉందంటే కుదరదు, చట్టం చూసేది పాస్‌పోర్టునే. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ పెట్టినప్పుడు, నగరం నుంచి ఆంధ్రకు ఓటు వేయడానికి వెళ్లే కార్లతో పంతంగి టోల్‌గేటు దగ్గర ఎలా కిక్కిరిసిందో మరిచిపోలేం. శంషాబాదులో దిగి అదే వరుసలో నిలబడాల్సిన ప్రవాసులు కూడా ఉంటారని అప్పుడు అనుకున్నాను.

ఈ కారణం వల్లే పాస్‌పోర్టు అక్కడ రెన్యూవల్ చేయించుకునేటప్పుడు చిరునామా గడిలో ఏమి రాస్తున్నారో చూసుకోండి. డాలస్ చిరునామా రాయించుకుంటే ఇక్కడి చిరునామాకు ఆధారం ఆ పుస్తకంలో ఉండదు. పాతదాన్ని రద్దు చేసి తిరిగి ఇస్తారు, దాన్ని పారేయవద్దు.

ఫారం 6ఎ ఎన్నికల సంఘం వారి ఓటరు సేవల పోర్టల్‌లోనే నింపవచ్చు, పోస్టులో కూడా పంపవచ్చు. ఫోటో, పాస్‌పోర్టులో మీ ఫోటో ఉన్న పేజీ, ఇక్కడి చిరునామా ఉన్న పేజీ, వీసా ముద్ర ఉన్న పేజీ, ఈ నకళ్ల మీద మీ సంతకం. ఎప్పటి నుంచి, ఎందుకు విదేశంలో ఉంటున్నారో, అక్కడి చిరునామా ఏమిటో రాయాలి. పాత ఓటరు కార్డును తిరిగి ఇచ్చేయాలి. ఒక మనిషికి ఒకే చోట పేరుండాలి కాబట్టి మామూలు జాబితాలో పాత పేరు ఉంటే అదీ తీయించాలి. ప్రవాస ఓటరుకు కొత్త కార్డు ఇవ్వరు. దీనికి నొచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మీ పాస్‌పోర్టే మీ ఓటరు కార్డు.

దరఖాస్తు చేరాక బీఎల్‌వో ఆ చిరునామాకు వస్తారు. ఇంట్లో బంధువులు ఉంటే వాళ్లను అడిగి, పాస్‌పోర్టు నకళ్లు సరిచూసుకుని, వాళ్ల ధ్రువీకరణ తీసుకుంటారు. ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయని నా అనుభవం. కొడుకు పోర్టల్‌లో నొక్కేస్తాడు, ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పడు. వచ్చినవాడు ఎవడో, సంతకం దేనికో తెలియక పెద్దవాళ్లు తలుపు కొంచెమే తెరిచి “అబ్బాయి ఇక్కడ లేడండీ” అని వేసేస్తారు. సైబర్ మోసాల భయం రోజులు, వాళ్లను తప్పు పట్టలేం. ఇల్లు అమ్మేసినా, బంధువులెవరూ లేకపోయినా దారి మూసుకుపోదు. కాగితాలు సరిచూడమని అక్కడి భారత రాయబార కార్యాలయానికి పంపుతారు, కాకపోతే కాలం పడుతుంది.

అందుకే లెక్కల మాస్టారుగా తేదీలు చూడమంటాను. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు 2023 అక్టోబరు 9న ప్రకటించారు, పోలింగ్ నవంబరు 30. మధ్యలో 52 రోజులు. నామినేషన్ల చివరి తేదీ నవంబరు 10. ఆ తేదీ దాటాక జాబితాలో కొత్త పేరు చేర్చరు. విచారణకూ, అభ్యంతరాల గడువుకూ రోజులు తీసేస్తే, షెడ్యూలు చూసి మేల్కొన్నవాడి చేతిలో మిగిలేది మూడు వారాలకు మించదు. ఇక్కడున్న వాళ్లకే అది చాలీచాలని సమయం. షెడ్యూలుతో సంబంధం లేకుండా ఈ నెలలోనే పెట్టేయండి. మీ టికెట్టు, సెలవు సంగతి మాత్రం షెడ్యూలు వచ్చాకే తేలుతుంది, దానికి ఆ 52 రోజులు సరిపోతాయి.

పోలింగ్ బూత్‌లో ఏమవుతుందో కూడా చెప్పి ఉంచాలి, ఎందుకంటే మా సిబ్బందికే ఇది అలవాటు లేని వ్యవహారం. 2023 నవంబరు 30 మధ్యాహ్నం, బడిలో ఆరో తరగతి గది. సింగపూర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, భుజాన ఇంకా విమానం ట్యాగు తీయని సంచి. పాస్‌పోర్టు ఇచ్చింది. మొదటి పోలింగ్ అధికారి జాబితా అంతా తిప్పి “పేరు లేదమ్మా, ఓటరు కార్డు ఏది?” అన్నాడు. కార్డు ఉండదండీ అని ఆ అమ్మాయి. కార్డు లేకుండా ఎలా రానిస్తారని ఒక ఏజెంటు లేచి నిలబడ్డాడు. నేను జాబితా నా చేతిలోకి తీసుకుని చివరి పేజీ తీశాను. ప్రవాస ఓటర్ల పేర్లు ఆ భాగం చివర విడిగా ఉంటాయి. మొత్తం మూడు పేర్లు. రెండోది ఆమెది. పాస్‌పోర్టులోని ఫోటో చూశాను, ముఖం చూశాను, సంతకం పెట్టించుకున్నాం. వేలికి సిరా పూస్తుంటే ఆ అమ్మాయి చెయ్యి కొంచెం వణికింది, నిద్ర లేక కావచ్చు. సాయంత్రం పెట్టెలు సర్దేటప్పుడు ఆ పేజీ మళ్లీ చూశాను. మిగతా ఇద్దరూ రాలేదు.

మీరు వచ్చినప్పుడు ఎవరైనా పేరు లేదంటే గొడవ పడకుండా “చివర ప్రవాస ఓటర్ల భాగంలో చూడండి” అనండి చాలు. పాస్‌పోర్టు ఒరిజినలే ఉండాలి, ఫోనులో ఫోటో, జిరాక్సు పనికిరావు. మామూలు ఓటర్లకు ఆధార్ లాంటి ఇతర గుర్తింపు కార్డులు చెల్లుతాయి, మీకు చెల్లవు.

పోస్టల్ బ్యాలెట్ ఎందుకు లేదు, మా స్నేహితుడు రాయబార కార్యాలయంలో పనిచేస్తూ ఓటు వేశాడే అని ఇంకొకరు కింద అడిగారు. ఆయన సర్వీసు ఓటరు. విదేశాల్లో నియమితులైన ప్రభుత్వ ఉద్యోగులకు, సైనికులకు ఆ వీలు మొదటి నుంచీ ఉంది. 2016 నుంచి వాళ్లకు బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపుతారు. ప్రింటు తీసి, ఓటు వేసి, తిరిగి పోస్టులో పంపాలి. సైనికులకైతే 2003 నుంచి ప్రాక్సీని, అంటే తమ బదులు ఓటు వేసే మనిషిని, పెట్టుకునే వీలు కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ, గల్ఫ్‌లో తాపీ పని చేసే జగిత్యాల మనిషికీ అది లేదు. ప్రవాసులకు ప్రాక్సీ ఓటు ఇస్తామని తెచ్చిన బిల్లును లోక్‌సభ 2018 ఆగస్టులో ఆమోదించింది, రాజ్యసభలో ఆమోదం పొందకుండానే 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను ప్రవాసులకూ ఇద్దామని ఎన్నికల సంఘం 2020 నవంబరులో న్యాయశాఖకు రాసింది. ఆ తరువాత అది కార్యరూపం దాల్చలేదు. వాట్సాప్‌లో ప్రతి ఎన్నికలకూ తిరిగే ‘ఎన్నారైలకు ఆన్‌లైన్ ఓటు’ అన్న సందేశాన్ని నమ్మకండి.

నన్నడిగితే ప్రాక్సీ రాకపోవడమే మంచిదంటాను. ఓటు రహస్యం కదా, నా ఓటు మా బాబాయి వేస్తే రహస్యం ఎక్కడిది? పోస్టల్ బ్యాలెట్ మాత్రం ఇవ్వవచ్చు. మా కాలనీలోనే అమెరికా పౌరసత్వం ఉన్న దంపతులు తిరిగివచ్చి ఉంటున్నారు. వాళ్లు తమ రాష్ట్రం నుంచి బ్యాలెట్ తెప్పించుకుని, డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని ఓటు వేస్తారు. హైదరాబాదులో ఉండి అమెరికాలో ఓటు వేయవచ్చు, అమెరికాలో ఉండి హైదరాబాదులో వేయలేం.

దీని ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటా నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు లక్షా 20 వేలు. వచ్చి ఓటు వేసినవాళ్లు 3 వేల లోపు. అందులో 2,670 మంది కేరళవారే. గల్ఫ్ నుంచి కోజికోడ్ నాలుగు గంటల ప్రయాణం, పైగా సంఘాల వాళ్లు ఓటర్ల కోసం విమానాలే మాట్లాడతారు. డాలస్ నుంచి శంషాబాదు అలా కాదు. అయినా రానివారిని ఇక్కడున్నవాళ్లు వేలెత్తి చూపడానికి లేదు. అదే ఎన్నికల్లో హైదరాబాదు, సికింద్రాబాదు లోక్‌సభ స్థానాల్లో పోలింగ్ సగం కూడా దాటలేదు. బూత్ వాళ్ల వీధి చివరే ఉంది.

ఇక మీరు రావాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒక్క ఓటు కోసం అంత డబ్బు పోసి రండి అని నేను అనను. ఎలాగూ రెండేళ్లకోసారి వస్తారు కాబట్టి ఆ రాకను ఎన్నికల సమయానికి జరుపుకోగలిగితే చూడండి. తెలంగాణ అసెంబ్లీ గడువు 2028 చివరికి తీరుతుంది, లోక్‌సభది 2029లో. ముందే తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడితే ఆ సంగతి నమోదు అధికారికి తెలియజేసి, ఫారం 6తో మామూలు ఓటరుగా మారాలి.

ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు రెండు పనులు చేయండి. బీరువాలో ఆ కార్డు నిజంగా ఉందో లేదో అమ్మగారిని చూడమనండి, తిరిగి ఇవ్వాలి కదా. బీఎల్‌వో వస్తే తలుపు వేసేయకుండా, మా అబ్బాయి ప్రవాస ఓటుకు దరఖాస్తు పెట్టాడని చెప్పమనండి. మీ పాస్‌పోర్టు చివరి పేజీలో ఏ చిరునామా ఉందో ఇక్కడ రాయండి, ఇంటి నంబరు అక్కరలేదు, ప్రాంతం చాలు. అది చూశాక ఫారంలో ఏ గడి ఎలా నింపాలో చెబుతాను.